సీగ్‌ఫ్రీడ్ కోసం వెతికితే రాణులు దొరికారు

జర్మనీలో డెట్మోల్డ్ ఊరి శివారున, అడవి కమ్ముకున్న గుట్ట మీద ఒక పెద్ద విగ్రహం ఉంది. రెక్కల శిరస్త్రాణం పెట్టుకున్న యోధుడు కత్తి పైకెత్తి నిలబడి ఉంటాడు. పీఠంతో కలిపి ఎత్తు 53 మీటర్లు. శిల్పి ఎర్న్‌స్ట్ ఫాన్ బాండెల్ 1838లో పని మొదలుపెట్టి 1875లో పూర్తి చేశాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. విగ్రహం ఆర్మీనియస్‌ది. క్రీ.శ. 9లో వారస్ అనే రోమన్ సేనాపతి వెంట వచ్చిన మూడు లీజియన్లను, అంటే పెద్ద రోమన్ సైనిక దళాలను, మాటువేసి తుడిచిపెట్టిన చెరుస్కీ తెగ నాయకుడు ఇతను.

ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఉద్యోగం మీద వచ్చిన కొత్తలో నేను ఆ గుట్ట ఎక్కాను. నాతో వచ్చిన జర్మన్ సహోద్యోగి విగ్రహం కింద నిలబడి, "నీబెలుంగుల కథలో సీగ్‌ఫ్రీడ్ ఉన్నాడే, అసలు మనిషి ఇతనే" అన్నాడు. ఆ మాట నాకు ఎంతో నచ్చింది. డ్రాగన్ని చంపిన వీరుడి వెనక నిజంగా ఒక మనిషి ఉన్నాడని, ఆ డ్రాగన్ రోమన్ సైన్యమేనని వింటే ఒళ్ళు పులకరించింది. ఇంటికి వచ్చిన చుట్టాలందరికీ, ఫోన్లో మా నాన్నకు కూడా అదే చెప్పాను. చాలా ఏళ్ళు అలాగే నమ్మాను. ఇప్పుడు నమ్మడం లేదు. ఎందుకు నమ్మడం లేదో, ఆ చోట ఇప్పుడు ఏం నమ్ముతున్నానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. 1200 ప్రాంతంలో డాన్యూబ్ ఒడ్డున ఎవరో పేరు తెలియని కవి రాసిన జర్మన్ కావ్యం 'నీబెలుంగుల గీతం'. అందులో సీగ్‌ఫ్రీడ్ క్సాంటెన్ రాజకుమారుడు. డ్రాగన్ని చంపి దాని రక్తంలో స్నానం చేస్తాడు. చర్మం కొమ్ములా గట్టిపడుతుంది. వీపు మీద ఆకు పడిన చోటు మాత్రం మెత్తగా మిగిలిపోతుంది. వోర్మ్స్ ఏలే బర్గండియన్ తెగ రాజు గుంతర్ చెల్లెలు క్రీమ్‌హిల్డ్‌ను పెళ్ళి చేసుకోవాలని వస్తాడు. గుంతర్ తన బలంతో గెలవలేని రాణి బ్రూన్‌హిల్డ్‌ను, కంటికి కనపడని అంగీ వేసుకుని సీగ్‌ఫ్రీడే అతనికి గెలిచి ఇస్తాడు. తర్వాత ఒకరోజు చర్చి గుమ్మం దగ్గర ముందు ఎవరు లోపలికి వెళ్ళాలని రాణులిద్దరూ తగువుపడతారు. మోసం బయటపడుతుంది. గుంతర్ మనిషి హాగెన్, ఊట దగ్గర నీళ్ళు తాగుతున్న సీగ్‌ఫ్రీడ్‌ను ఆ మెత్తటి చోటు చూసి ఈటెతో పొడుస్తాడు. క్రీమ్‌హిల్డ్ తర్వాత హూణుల రాజు అట్టిలాను పెళ్ళాడి, అన్నదమ్ములను విందుకు పిలిచి అందరినీ చంపిస్తుంది. ఐస్‌లాండ్ పాటల్లో ఇదే వీరుడి పేరు సిగుర్డ్, భార్య పేరు గుద్రూన్. అక్కడ ఆమె పగ తీర్చుకునేది అన్నల మీద కాదు, అన్నలను చంపిన రెండో భర్త అట్టిలా మీద.

ఈ కథలో చరిత్ర ఏమీ లేదని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. గుంతర్ కచ్చితంగా ఉన్నాడు. బర్గండియన్ల రాజు గుండహార్‌ను హూణులు అతని జనంతో సహా నాశనం చేశారని ఆ కాలంలోనే బతికిన ప్రాస్పర్ తన వృత్తాంతంలో రాశాడు. అది 436, 437 నాటి సంగతి. 516లో చనిపోయిన గుండోబాద్ రాజు పేరుమీద ఉన్న బర్గండియన్ల ధర్మశాస్త్రంలో, పూర్వం ఏయే రాజుల కాలంలో స్వేచ్ఛ పొందినవాళ్ళు ఇప్పటికీ స్వతంత్రులేనో చెప్పే చోట గిబికా, గుండోమర్, గిస్లహార్, గుండహార్ అని వరసగా పేర్లు వస్తాయి. కావ్యంలోని గుంతర్, అతని తమ్ముడు గీసెల్‌హేర్ ఇందులోంచే వచ్చారు. ఐస్‌లాండ్ పాటల్లో వాళ్ళ తండ్రి గ్యూకి, ఈ గిబికాయే. బానిసల స్వేచ్ఛ గురించి రాసిన ఒక చట్టపు వాక్యంలో కావ్యనాయకుల పేర్లు వరసగా కనపడటం మొదటిసారి చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. పేరు కుదిరింది, జాతి కుదిరింది, చంపినవాళ్ళు కుదిరారు. రుజువు అంటే ఇలా ఉండాలి.

సీగ్‌ఫ్రీడ్ విషయంలో ఇలాంటిది ఒక్కటీ లేదు. అందుకే రెండు వందల ఏళ్ళుగా గొడవ.

ఆర్మీనియస్ పక్షం వాదన తేలిగ్గా తీసిపారేసేది కాదు. ముందు పేర్లు చూడండి. ఆర్మీనియస్ తండ్రి సెగిమేర్, మామగారు సెగెస్టెస్, బావమరిది సెగిముండ్. 'సెగి' అంటే విజయం. సీగ్‌ఫ్రీడ్‌లో 'సీగ్', సిగుర్డ్‌లో 'సిగ్' అదే మాట. ఆర్మీనియస్ అన్నది రోమన్లు పిలిచిన పేరు, ఇంట్లో పెట్టిన పేరు ఎక్కడా నమోదు కాలేదు. అది కూడా 'సెగి'తోనే మొదలై ఉండాలని వీళ్ళ ఊహ. ఇక చావు. 37 ఏళ్ళ వయసులో, బంధువుల కుట్రతోనే అతను చనిపోయాడని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆ వెంటనే ఇంకో మాట కూడా రాశాడు: ఆ జాతులు ఇప్పటికీ అతని గురించి పాడుకుంటున్నాయని. నన్ను అన్నాళ్ళు కట్టిపడేసింది ఆ ఒక్క వాక్యమే. పాడుకున్న పాట ఏమైపోయి ఉంటుంది? ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి కదా అనిపిస్తుంది.

ఈ వాదాన్ని అందరికంటే గట్టిగా నడిపినవాడు వియన్నా ఆచార్యుడు ఒట్టో హోఫ్లర్. 1961లో దీని మీదే పుస్తకం రాశాడు. 12వ శతాబ్దంలో రోమ్ యాత్రకు వెళ్ళిన నికులాస్ అనే ఐస్‌లాండ్ మఠాధిపతి, సిగుర్డ్ డ్రాగన్ని చంపిన గ్నిటాహైడ్ మైదానం పాడర్‌బోర్న్, మైన్జ్ ఊళ్ళ మధ్య దారిలో ఉందని రాసి పెట్టాడు. హోఫ్లర్ ఆ పేరును డెట్మోల్డ్ వైపు ఉన్న క్నెటర్‌హైడె అనే పల్లెతో కలిపాడు. అలా చేస్తే డ్రాగన్ చచ్చిన చోటు వారస్ ఓడిన అడవి దగ్గరికి వస్తుంది. చెరుస్కీ అనే తెగ పేరు దుప్పి అనే మాట నుంచి వచ్చిందని, సిగుర్డ్‌ను కూడా పాటల్లో దుప్పితో పోల్చారని ఇంకో ముడి వేశాడు. హోఫ్లర్ నాజీ పార్టీ సభ్యుడు, ఆ కాలపు 'జాతి పరిశోధన'తో దగ్గర సంబంధం ఉన్నవాడు. ఆ సంగతి తెలియాల్సిందే. కానీ అది చెప్పి ఊరుకుంటే వాదనకు జవాబు చెప్పినట్టు కాదు. జవాబు వేరే ఉంది.

టాసిటస్ రాసిన ఆ భాగం ఉన్న చేతిరాత ప్రతి ఒక్కటే మిగిలింది. అది కోర్వై మఠంలో ఉండేది. డెట్మోల్డ్ నుంచి కారులో గంటలోపు దారి. అక్కడి నుంచి అది రోమ్ చేరి, 1515లో అచ్చయింది. అంతవరకు జర్మన్లకు ఆర్మీనియస్ గురించి దాదాపు తెలియదు. వాళ్ళ మధ్యయుగపు పాటల్లో, కథల్లో అతని పేరు ఎక్కడా కనపడదు. అచ్చయిన తర్వాతే అతనికి హెర్మన్ అని జర్మన్ పేరు పెట్టుకున్నారు, నాటకాలు రాసుకున్నారు, చివరికి గుట్ట మీద నిలబెట్టుకున్నారు. పాటగా బతికి ఉంటే పుస్తకంలో మళ్ళీ దొరకాల్సిన అవసరం రాదు.

పేరు పోయినా కథ మిగిలిందని వాళ్ళు అంటారు. సరే, మిగతా వీరులను చూద్దాం. అదే కావ్యంలోని డీట్రిష్ అంటే 526లో చనిపోయిన గోత్ రాజు థియోడరిక్. ఎట్సెల్ అంటే 453లో చనిపోయిన అట్టిలా. జర్మానిక్ వీరగాథల్లో మనం గుర్తుపట్టగల అందరిలోకీ పాతవాడు ఎర్మనరిక్, 370ల నాటి గోత్ రాజు. ఈ గాథలన్నీ 4వ శతాబ్దం నుంచి 6వ శతాబ్దం వరకు, తెగలు ఊళ్ళు వదిలి కదిలిన కాలంలో పుట్టాయి. 4వ శతాబ్దం అనే ఆ గీతకు వెనక ఎవరూ లేరు. సీగ్‌ఫ్రీడ్ ఒక్కడి కోసం ఆ గీతను 350 ఏళ్ళు వెనక్కి జరపాలంటే, విజయం అనే మాటతో మొదలయ్యే పేర్లు చాలవు. ఆ రోజుల్లో రాజకుటుంబాల్లో అలాంటి పేర్లు కొల్లలు.

యుద్ధం జరిగిన చోటు సంగతి కూడా అంతే. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెతికితే, విగ్రహానికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో కాల్క్‌రీజె దగ్గర రోమన్ నాణేలు బయటపడ్డాయి. అక్కడి మ్యూజియంకు నేను రెండుసార్లు వెళ్ళాను. చిత్తడి నేలకూ గుట్టకూ మధ్య ఆ ఇరుకు దారి చూస్తే గుండె బరువెక్కుతుంది. అది మనుషులు చచ్చిన చోటు. డ్రాగన్ అక్కడ లేదు.

ఇప్పుడు రెండో పక్షం. వీళ్ళు చూపించేది ఫ్రాంక్ రాజవంశం మెరోవింజియన్ల వైపు. అసలు కథ ఇక్కడ ఉందని నా నమ్మకం కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

561లో ఫ్రాంక్ రాజ్యాన్ని నలుగురు అన్నదమ్ములు పంచుకున్నారు. వాళ్ళలో ఒకడు సిగెబర్ట్. అన్నదమ్ములు దాసీలను కూడా పెళ్ళాడుతున్నారని ఏవగించుకుని, తనకు రాజు కూతురే కావాలని స్పెయిన్ నుంచి విసిగోత్ రాకుమారిని తెచ్చుకున్నాడు. ఆమె పేరు బ్రూన్‌హిల్డ్. ఇది చూసి సవతి సోదరుడు చిల్పెరిక్‌కు మనసాగలేదు. తనకూ అలాంటి పిల్లే కావాలని బ్రూన్‌హిల్డ్ అక్క గాల్స్‌వింతాను చేసుకున్నాడు. ఆమె వచ్చేసరికి ఇంట్లో అతని ఉంపుడుగత్తె ఫ్రెడెగుండ్ ఉంది. కొన్నాళ్ళకు గాల్స్‌వింతా పక్క మీద గొంతు నులిమి చంపబడి కనిపించింది. కొద్ది రోజులు ఏడ్చినట్టు చేసి చిల్పెరిక్ ఫ్రెడెగుండ్‌ను పెళ్ళాడాడు. టూర్ బిషప్ గ్రెగరీ ఇదంతా రాశాడు. ఈ మనుషులను ఎరిగినవాడు ఆయన.

575లో సిగెబర్ట్ దాదాపు గెలిచాడు. చిల్పెరిక్ టూర్నె కోటలో చిక్కుకుపోయాడు. విట్రి అనే చోట సైన్యం సిగెబర్ట్‌ను డాలు మీద ఎత్తి తమ రాజుగా ప్రకటించింది. అప్పుడే ఫ్రెడెగుండ్ పంపిన ఇద్దరు నౌకర్లు ఏదో విన్నపం ఉన్నట్టు దగ్గరికి వచ్చి, విషం పూసిన కత్తులతో రెండు పక్కలా పొడిచారు. గెలిచిన రోజున, ఎదురుపడి పోరాడని చేతుల్లో చచ్చిపోయిన రాజు, పేరులో 'సిగ్', భార్య పేరు బ్రూన్‌హిల్డ్. సీగ్‌ఫ్రీడ్ ఇతనేనని ఎందుకు అంటారో వేరే చెప్పక్కర్లేదు.

మరి అభ్యంతరం? అది కూడా బలమైనదే. కావ్యంలో బ్రూన్‌హిల్డ్ వీరుడి భార్య కాదు. అతని చావు కోరింది ఆమే. చరిత్రలోని బ్రూన్‌హిల్డ్ భర్తను పోగొట్టుకుని, దాదాపు నలభై ఏళ్ళు పోరాడిన వితంతువు. పేరు సరిపోయింది కానీ పాత్ర తిరగబడింది, కాబట్టి ఈ పోలిక కాకతాళీయం అని చాలామంది పండితులు తేల్చేశారు.

ఇక్కడ నాకు మన చుట్టరికాల మాటలు పనికొచ్చాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో ఈ రాణులందరూ ఒకరికొకరు 'సిస్టర్ ఇన్ లా'లే. తెలుగులో అనుకుంటూ చదివితే తేడా తెలుస్తుంది. కావ్యంలో తగువు వదినా ఆడబిడ్డలది. చరిత్రలో తగువు తోడికోడళ్ళది. కావ్యంలో వీరుణ్ణి చంపించింది బావమరిది, చరిత్రలో సోదరుడి ఇల్లు. వరసలు మారాయి. అయినా ఒక్క సంగతి మారలేదు. రెండు చోట్లా ఒక రాజవంశంలోకి కోడళ్ళుగానో కూతుళ్ళుగానో చేరిన ఇద్దరు రాణులు, ఎవరు గొప్ప అన్న పంతం, ఒకామె కోరితే రెండో ఆమె భర్త చచ్చిపోవడం, మిగిలిన ఆమె కొన్ని దశాబ్దాలు పగ మోయడం. బ్రూన్‌హిల్డ్ అనే పేరును పక్కనపెట్టి పాత్రలను చూడండి. చరిత్రలోని బ్రూన్‌హిల్డ్ కావ్యంలోని క్రీమ్‌హిల్డ్. చరిత్రలోని ఫ్రెడెగుండ్ కావ్యంలోని బ్రూన్‌హిల్డ్. కథ అలాగే ఉంది, పేరు ఒక మనిషి మీద నుంచి ఇంకో మనిషి మీదికి జారింది.

ఎందుకు జారింది? 613లో ముసలి బ్రూన్‌హిల్డ్ శత్రువులకు పట్టుబడింది. పదిమంది ఫ్రాంక్ రాజుల చావుకు కారణం నువ్వేనని నేరం మోపారు. మూడు రోజులు చిత్రహింసలు పెట్టి, ఒంటె మీద ఎక్కించి సైన్యం ముందు తిప్పి, మచ్చిక కాని గుర్రం తోకకు జుట్టూ ఒక చెయ్యీ ఒక కాలూ కట్టి ఈడ్పించారు. ఇది చేయించిన రాజు రెండో క్లోటార్. అతను ఫ్రెడెగుండ్ కొడుకు. ఆ తర్వాతి మెరోవింజియన్ రాజులు అతని సంతతే. మఠాల్లో రాసినవాళ్ళు బ్రూన్‌హిల్డ్‌ను బైబిల్లోని దుష్టరాణి జెజబెల్‌తో పోల్చారు. రెండు మూడు తరాలు ఇలా రాసి, చెప్పి, పాడిన తర్వాత బ్రూన్‌హిల్డ్ అనే పేరు వినగానే రాజులను చంపించే ఆడది అనే అర్థం రాకుండా ఎలా ఉంటుంది? గెలిచినవాళ్ళు ఆమె ప్రాణంతో పాటు ఆమె కథను కూడా లాక్కున్నారు. ఆమె దుఃఖం క్రీమ్‌హిల్డ్‌కు పోయింది, శత్రువు చేసిన పాపం ఆమె పేరుకు అంటుకుంది. పల్నాటి కథలో తప్పంతా నాగమ్మ నెత్తిన వేసి తృప్తిపడటం చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఈ జారుడు నాకు వింతగా అనిపించలేదు.

ఇది నా చదువు. గుండహార్ విషయంలో చట్టం రుజువు చేసినట్టు ఇది రుజువు కాదని నాకు తెలుసు. కానీ 'పాత్ర తిరగబడింది కాబట్టి సంబంధం లేదు' అనే మాట మాత్రం నిలవదు. తిరగబడటానికి కారణం పట్టపగల్లా కనిపిస్తున్నప్పుడు, ఆ తిరగబడటం కూడా సాక్ష్యమే.

క్రీమ్‌హిల్డ్‌కు ఇంకో మూలం ఉంది, దాని మీద పెద్దగా తగాదా లేదు. 453లో అట్టిలా ఇల్డికో అనే అమ్మాయిని పెళ్ళి చేసుకున్న రాత్రే రక్తం కక్కుకుని చనిపోయాడు. ముక్కు నుంచి కారిన రక్తం గొంతుకు అడ్డుపడిందని చరిత్రకారుడు జోర్డానెస్ రాశాడు. ఆరో శతాబ్దం నాటికే ఆడమనిషి పొడిచి చంపిందనే మాట కూడా పుస్తకాల్లోకి ఎక్కింది. ఇల్డికో అంటే 'చిన్న హిల్డ్'. గుద్రూన్ అట్టిలాను చంపే కథ, క్రీమ్‌హిల్డ్ పేరు చివర 'హిల్డ్', ఈ రాత్రి నుంచే బయలుదేరాయి. అంటే ఈ కథలో ఒక రాణికి చరిత్ర ఉంది, రెండో రాణికి చరిత్ర ఉంది, గుంతర్‌కు ఉంది, అట్టిలాకు ఉంది. అందరూ వెతికిన సీగ్‌ఫ్రీడ్‌కే లేదు.

డ్రాగన్ కూడా మొదట్లో అతనిది కాదేమో. పాత ఇంగ్లీషు కావ్యం 'బేవుల్ఫ్'లో డ్రాగన్ని చంపి నిధి తెచ్చినవాడు సిగెముండ్. తర్వాతి కథల్లో అతను వీరుడికి తండ్రి. కొడుకు పేరు అక్కడ లేనే లేదు. డ్రాగన్ అంటే చీకటి, వీరుడు అంటే సూర్యుడు అనే వాదం 19వ శతాబ్దంలో గట్టిగా నడిచింది. మనకు రుగ్వేదం అచ్చువేసి ఇచ్చిన మాక్స్‌ముల్లర్ కూడా సిగుర్డ్‌ను ఆ వరసలోనే చూశాడు. దేన్నయినా సూర్యుడిగా చూపించగల పద్ధతి అది, దాని దగ్గర ఆగాల్సిన పని లేదు.

నిధి గురించి మాత్రం ఒక మాట. గ్రెగరీ పుస్తకంలో ఇంకో సిగెబర్ట్ ఉన్నాడు, కొలోన్‌లో ఉండే కుంటి రాజు. అడవిలో గుడారం వేసుకుని మధ్యాహ్నం నిద్రపోతుంటే, కొడుకే మనుషులను పెట్టి చంపించాడు. ఆ కొడుకు తండ్రి నిధిపెట్టెలో చెయ్యి పెట్టి వంగినప్పుడు, క్లోవిస్ రాజు పంపిన మనిషి వెనక నుంచి గొడ్డలితో తల పగలగొట్టాడు. పేరులో సిగ్, అడవి, నిద్ర, ద్రోహం, నిధి. ఇతనే సీగ్‌ఫ్రీడ్ అని నేను అనను. రైన్ ఒడ్డున ఇలాంటి చావులు ఎన్ని జరిగాయో, పాట కట్టేవాడికి సరుకు ఎంత దగ్గర్లో ఉందో చూడమంటున్నాను. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఈ పాటలను ఎత్తి రాసినాయన కూడా మధ్యలో ఆగి, కొందరు సిగుర్డ్‌ను పడక మీద చంపారంటారు, జర్మన్లు అడవిలో అంటారు, ఇంకొకరు ఇంకో చోట అంటారు, అందరూ ఒప్పుకునేది మాత్రం నమ్మించి చంపారని అంటూ రాసిపెట్టాడు. ఈ తగాదా మీద మనకు మిగిలిన పాత రాతల్లో అదొకటి. ఆయన ఏదో ఒకటి ఎంచుకుని మిగతావి చెరిపెయ్యనందుకు ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా బాల్కనీ నుంచి ఆకాశం తేటగా ఉన్న రోజు టౌనుస్ కొండలు కనపడతాయి. అన్నిటికంటే ఎత్తయినది ఫెల్డ్‌బర్గ్. దాని శిఖరం దగ్గర ఒక రాతి గుట్ట ఉంది. 1043 నాటి దస్తావేజులో సరిహద్దు గుర్తుగా దాన్ని లాటిన్‌లో 'బ్రూన్‌హిల్డ్ చిన్న మంచం' అని రాశారు. కావ్యం పుట్టడానికి నూట యాభై ఏళ్ళ ముందు. ఉత్తర ఫ్రాన్సులో, బెల్జియంలో పాత రోమన్ రాస్తాలను ఇప్పటికీ బ్రూన్‌హిల్డ్ బాటలనే పిలుస్తారు. మొన్న అక్టోబరులో బస్సెక్కి ఆ రాతి దగ్గరికి వెళ్ళాను. పొగమంచు పట్టేసి లోయ కనపడలేదు. చలికి చేతులు కొంకర్లు పోతున్నా రాతికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. ఆ పక్కనే ఒక కుటుంబం పిల్లలకు సీగ్‌ఫ్రీడ్ కథ చెప్తోంది. చిన్నపిల్ల మధ్యలో ఆపి అడిగింది, "మరి ఇక్కడ పడుకున్నామె ఎవరు?" అని. వాళ్ళమ్మ సీగ్‌ఫ్రీడ్ కథను అక్కడే వదిలేసి, ఆమె గురించి చెప్పడం మొదలుపెట్టింది.